బస్సు ఆగని బస్టాప్

ఆ వేసవిలో నేను చందానగర్ వైపు మున్సిపల్ ఆఫీసులో ఇంజనీరుగా ఉన్నాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. ఐటీ కంపెనీల వాళ్లంతా ఇళ్లలోంచే పనిచేస్తుండటంతో రోడ్లు ఖాళీగా ఉండేవి. ట్రాఫిక్ లేనప్పుడే పనులు తెమల్చమని పైనుంచి ఒత్తిడి. రోడ్ల పద్దులో నిధులకు కొదవ లేదు. మనుషులు నడవని ఫుట్‌పాత్‌లకు టైల్స్ వేయిస్తూ తిరిగాను.

కొత్తగూడ వెనక ఒక బస్తీలో చిన్న సర్కారు దవాఖాన ఉంది. టీకాలు మొదలయ్యాక జనం వరుస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. ఎక్కడా నీడ లేదు. ఒకరోజు నేను అక్కడ పని చూస్తుండగా వరుసలోని ముసలామె కళ్లు తిరిగి పడిపోయింది. మేస్త్రీ, నేను ఆమెను లేపి ఇసుక లారీ నీడన కూర్చోబెట్టి నీళ్లు తాగించాం.

"సూది ఏసేదాంక పానముండాలె గద బిడ్డా. జర నీడన్న ఎయ్యరాదా?" అంది.

ఈలోగా డాక్టరమ్మ బయటికి వచ్చారు. గుంటూరు వైపు మనిషి. ముసలామె నాడి చూసి, నాతో అన్నారు: "షామియానా వేయించమని అడిగీ అడిగీ విసిగిపోయానండి. మా పద్దులో మందులకు తప్ప దేనికీ ఇవ్వరట. మీరేమన్నా చేయగలరా?"

"నా దగ్గర రోడ్ల డబ్బే ఉంది మేడమ్. దవాఖానకు షెడ్డు వేస్తే బిల్లు పాస్ కాదు."

"మరి రోడ్డు మీద ఏం కడితే పాసవుతుందండీ?"

"బస్టాప్," అన్నాను.

ఆమె నవ్వలేదు. "అయితే కాస్త పొడుగ్గా కట్టించండి," అన్నారు.

ఎక్కువ రోజులు పట్టలేదు. రేకుల కప్పు, సిమెంటు బెంచీలు. ఆ సందులో బస్సు తిరగడానికి చోటే లేదు. పైఅధికారి ఫైలు చదివి, నా వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టారు. జనం నీడన కూర్చుని టీకాలు వేయించుకున్నారు.

మరుసటి ఏడు ఆడిట్ వచ్చింది. కొలతలన్నీ సరిపోయాయి. ఆడిటర్ ఆ బెంచీ మీదే కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"ఏ నంబర్ బస్సు ఆగుతది ఇక్కడ?"

"ఏదీ ఆగదు సార్."

"మరెందుకు కట్టిన్రు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా విన్నాడు. "మంచి పనే చేసిన్రు. కానీ నేను రాయక తప్పదు," అన్నాడు. రాశాడు కూడా. నా ఇంక్రిమెంట్ ఏడాదిపాటు ఆపేశారు. బాధ కలగలేదంటే అబద్ధం. అయితే అతని మీద కోపం రాలేదు. నిబంధన ప్రకారం అతను రాసిందే సరైనది.

ఆ ఏడే ఆరోగ్యం పద్దు పెంచారు. దవాఖానల దగ్గర నీడకు, తాగునీటికి విడిగా నిధులొచ్చాయి. అప్పటికి వరుసలు లేవు. మా దగ్గర ఆ నిధులు చాలావరకు మార్చి నెలాఖరుకు మురిగిపోయాయి.

డాక్టరమ్మకు బదిలీ అయింది. వెళ్లేముందు ఫోన్ చేశారు.

"నా మూలంగా మీకు ఇబ్బంది వచ్చిందండి."

"కట్టింది నేను కదా మేడమ్," అన్నాను.

కొత్త ఊళ్లో ఇల్లు దొరికిందా అని అడిగాను. ఇంకా లేదన్నారు.