పల్లంరాజుగారి గోరింట దడి

రామచంద్రపురంలో మగతనం మీద ఉపన్యాసం వినాలంటే టీకొట్టు దగ్గర పల్లంరాజును కదిపితే చాలు. "పెళ్లాన్ని నెత్తికెక్కించుకుంటే కొంప గుల్లేనండి!" అని వీధిలో మొగుళ్లందరికీ బుద్ధులు చెప్పేవాడు. వాళ్లూ నమ్మేవారు, పాపం.

ఇంట్లో కథ వేరు. నిరుడు భార్య లక్ష్మీదుర్గ చెయ్యి విరిగినప్పుడు అంట్లు తోమడం ఆయన వంతయింది. చెయ్యి అతుక్కుంది గాని వంతు మారలేదు. "మీరు తోమితేనే గిన్నెలు తళతళలాడతాయండీ" అందావిడ. ఆ పొగడ్తకి పడ్డవాడు మళ్లీ లేవలేదు.

చిక్కల్లా పెరటి కుళాయి దగ్గరే. పక్కింటి మాణిక్యాంబకీ వీళ్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆవిడ కంటపడితే ఊళ్లో టముకు వేయించినట్టే, టీకొట్టు దగ్గర పరువు గంగలో కలిసినట్టే. గోడ లేపుదామా అంటే, తూర్పు గోడ ఎత్తు పెంచకూడదని ఊరందరికీ వాస్తు చెప్పింది తానే. మొక్కలకి వాస్తు వర్తించదని తనకి తానే సడలింపు ఇచ్చుకుని, శ్రావణంలో కడియం బయల్దేరాడు.

నర్సరీ హరిబాబు ముందు మందార చూపించాడు.

"వద్దయ్యా, పూజకని తెల్లారకుండానే ఆడవాళ్లు దిగుతారు."

నందివర్ధనమూ అంతే. కరివేపాకు అయితే వీధిలో పులుసులన్నిటికీ తన పెరడే దిక్కవుతుంది. వెదురు వేస్తే పాములు.

"అసలు ఎవరి చూపు పడకూడదండీ?" అన్నాడు హరిబాబు విసిగిపోయి.

"చూపు కాదయ్యా, దుమ్ము!"

చివరికి గోరింట నచ్చింది. దట్టంగా అల్లుకుంటుంది, ముళ్లుంటాయి, పూజకు కొయ్యరు, కూరలో వెయ్యరు. "ఎవరికీ అక్కర్లేని మొక్క!" అని మురిసిపోయాడు. ఆడవాళ్ల గురించి అంత అధికారంగా మాట్లాడే మనిషికి ఆడవాళ్ల సంగతి ఒక్కటీ తెలియదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

వేసవికల్లా దడి తలెత్తు పెరిగింది. దాని వెనక పీట వేసుకుని, కూనిరాగాలు తీస్తూ హాయిగా తోముకునేవాడు.

ఆషాఢం వచ్చింది. ఒక మధ్యాహ్నం మాణిక్యాంబ వీధిలో ఆడవాళ్లందరినీ వెంటేసుకొచ్చి, గోడవతల నుంచి గోరింటాకు దూయడం మొదలుపెట్టింది. ఆషాఢంలో ముత్తయిదువల్ని గోరింటాకు కొయ్యొద్దనగల మగాడు ఇంకా పుట్టలేదు. పల్లంరాజు పీట మీదే బిగుసుకుపోయాడు. ముందు బట్టతల, తర్వాత బనీను, ఆఖరికి చేతిలోని మాడిన పాలగిన్నె బయటపడ్డాయి.

"కానివ్వండి అన్నయ్యగారూ, మాకు తెలీందేంటి? ఆ చప్పుడు ఏడాదిగా వింటూనే ఉన్నాం కదండీ" అంది మాణిక్యాంబ, కొమ్మ వంచుతూ.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లందరి చేతులకీ గోరింటాకు ముద్దలే. ఆ చేతులతో అంట్లెలా తోముతారు? "పల్లంరాజుగారు తోమట్లేదా ఏంటి?" అని ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట.

మర్నాడు టీకొట్టు దగ్గర ఆయనకి ఎవరూ బల్ల మీద చోటివ్వలేదు. అందరి చేతులూ అంట్లసబ్బు వాసన కొడుతున్నాయి.

"ముందు ఆ దడి కొట్టించెయ్యండి, పల్లంరాజుగారూ" అన్నాడు వాళ్ల వీధి గంగాధర్, నానిపోయిన వేళ్లతో గ్లాసు పట్టుకుని. "మీ ఉపన్యాసం తర్వాత విందాం."