ముక్కు లారీ సీటు

పాత సీటు కోసినప్పుడు వచ్చే వాసన ఈమధ్య కరువైపోయింది. ఇప్పుడన్నీ ఫోమ్ సీట్లే. బ్లేడు పెడితే ప్లాస్టిక్ కంపు తప్ప ఇంకేమీ రాదు. మొన్న కొత్తపేట నుంచి ఒకాయన తన తండ్రి నాటి జీపు సీటు తెచ్చి నా కొట్లో దింపారు. రెక్సిన్ అంచు కోయగానే లోపల్నుంచి కొబ్బరి పీచు దుమ్ము లేచింది. మగ్గిన గోనె, పాత నూనె, ఏళ్ల తరబడి ఎవరెవరో కూర్చున్న చెమట, అన్నీ కలిసిన వాసన అది. మా కొట్లో పనిచేసే అమ్మాయిలు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం ఇంకాస్త దగ్గరికి వంగాను. ఇరవై ఏడేళ్ల వయసులో ఆ వాసన మొదటిసారి పీల్చిన చోటు గుర్తొచ్చింది. అది అమలాపురంలో ఎర్రవంతెన అవతల, కాలవ గట్టున ఉన్న దేవసహాయం మేస్త్రి గారి షెడ్డు.

ఆయన లారీలకు బాడీలు కట్టేవారు. ఇప్పటివాళ్లకి చెబితే నమ్మరు కానీ, ఆ రోజుల్లో లారీ అంటే కంపెనీ నుంచి వచ్చేది ఇంజనూ, చక్రాలూ, కింది ఇనుప చట్రమూ మాత్రమే. డ్రైవరు కూర్చునే గది, తలుపులు, సీట్లు, వెనకాల తొట్టి, అన్నీ ఇలాంటి షెడ్లలోనే కట్టేవారు. మేస్త్రి గారు పొట్టి మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. అందులో ఏముంటాయో తెలియాలంటే ఆయన చేత ఖాళీ చేయించాలి: ఒక వంకర మేకు, పెచ్చుగా ఊడిన రంగు, చెద తిన్న చెక్క ముక్క. ఎందుకండీ ఇవన్నీ అంటే, "ఇది ఇలా ఎందుకయ్యిందో ఇంకా తెలీలేదండి" అనేవారు. తెలిశాక పారేసేవారు.

ఆయనకీ నాకూ పరిచయం ఒక జాకెట్టు దగ్గర మొదలైంది. నేను అప్పటికి ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వాళ్లావిడ క్రిస్మస్ జాకెట్టు తీసుకెళ్లడానికి ఆయన వచ్చేసరికి, ఎవరిదో హైదరాబాదులో కుట్టించిన జాకెట్టు తిరగేసి, కుట్లు ఒక్కొక్కటే లాగి చూస్తున్నాను.

"ఏమండీ, ఏదైనా పోయిందా?" అన్నారు గుమ్మంలోంచి.

"లేదండి బాబాయి గారూ. దీనికి చంక దగ్గర ముడత రాలేదు. ఎలా కుట్టేరో చూద్దామని."

"తెలిసిందాండి?"

"ఇంకా లేదండి."

"ఆయ్. తెలిసేక నాక్కూడా చెప్పండి."

వేళాకోళమాడుతున్నారనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత నిజంగానే వచ్చి అడిగారు. గుడ్డని ఏటవాలుగా కత్తిరించడంలో ఉంది కిటుకు అని ఒక ముక్క కత్తిరించి చూపించాను. ఆ ముక్క అడిగి తీసుకుని జేబులో వేసుకున్నారు. మరో నెలకి ఆయన దగ్గర సీట్లు కుట్టే మనిషి మస్కట్ వెళ్లిపోతే, మేస్త్రి గారు తిన్నగా మా ఇంటికొచ్చి, లారీ సీటు కుడతారా అని అడిగారు. మా ఆయన బస్సు కండక్టరు. "సూది విరిగిపోద్దేమో చూసుకో" అన్నారు తప్ప వద్దనలేదు.

అలా నా చేతికొచ్చిన మొదటి సీటు అల్లవరం వీర్రాజు గారి ముక్కు లారీది. ఇంజను ముందుకి ముక్కులా పొడుచుకొచ్చి ఉండే పాతకాలపు బండి. వాళ్ల నాన్నగారు కొన్నది, ఆ చుట్టుపక్కల కొబ్బరికాయలు మోసిన మొట్టమొదటి లారీ అట. తొంభై ఆరు తుఫానులో రెండు కొబ్బరిచెట్లు దాని నెత్తిన పడి క్యాబిన్ చప్పిడైపోయింది. పాత ఇనుముకి అమ్మేయమని ఊరంతా చెప్పింది. వీర్రాజు గారికి లోడ్లు తోలడానికి వేరే లారీ ఉంది. దీన్ని మాత్రం కొన్న నాడు ఎలా ఉందో అలా చేయించి, పెళ్లిళ్లకీ పండగలకీ తనే తోలుకుంటూ తిరగాలని ఆయన కోరిక. అలాంటి బండికి సీటు నేను కుడతానని తెలిసి ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యారు.

"ఏటి మేస్త్రీ, జాకెట్లు కుట్టే ఆవిడ చేత నా బండికి సీటు కుట్టిత్తావా?"

"ఆయ్. బాగోపోతే నన్నడగండి. షెడ్డు నాదండి."

మేస్త్రి గారు అంతటితో పనిలో పడ్డారు. కానీ సంగతేమిటో నాకు తెలుసు. లారీ స్టాండులో డ్రైవర్లు అప్పటికే నవ్వుకుంటున్నారు. ఈ సీటు నిలబడితే నాకు రెండో సీటు వస్తుంది. పాడైతే మళ్లీ జాకెట్లే. జాకెట్లంటే నాకు చిన్నచూపు లేదు. కానీ ఆ షెడ్డులో ప్రతిదాన్నీ విప్పి చూడొచ్చు, ఎందుకు అని అడగొచ్చు, అడిగితే మెచ్చుకుంటారు. అలాంటి చోటు నాకు అంతకు ముందు దొరకలేదు. దాన్ని పోగొట్టుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

మేస్త్రి గారు ఏ బండినీ వెంటనే ముట్టుకునేవారు కాదు. ముందు తలుపు మీద అరచేయంత మేర రంగు గీకేవారు. ఒక్కసారిగా గీకేయకుండా, ఒక్కో పొర కాస్త కాస్త వదులుతూ లోపలికి వెళ్లేవారు. చివరికి మెట్లు మెట్లుగా ఆ బండి వేసుకున్న రంగులన్నీ కనిపించేవి. వీర్రాజు గారు బండి అసలు రంగు ఎరుపేనని, చిన్నప్పుడు కళ్లారా చూశానని ఒట్టేశారు. గీకితే ఆకుపచ్చ వచ్చింది, దాని కింద నీలం, దాని కింద ముదురు పసుపు. ఎరుపు జాడ లేదు. వీర్రాజు గారి మొహం చిన్నబోయింది.

"మరి నేను చూసిందేటి?" అన్నారు.

ఇంకొకరైతే మీరు పొరబడ్డారండీ అని ఊరుకునేవారు. మేస్త్రి గారికి మాత్రం ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదేమో, రెండో రోజు పసుపు కూడా గీకేశారు. దాని కింద, చెక్క మీద బిగించిన రేకుకి అంటుకుని, తుప్పు పట్టకుండా మొదట పూసే ఎర్ర పూత బయటపడింది. "వీర్రాజు గారూ, బండి షెడ్డులో కడుతున్నప్పుడు మీ నాన్నగారు మిమ్మల్ని తీసుకెళ్లేరేమో గుర్తు తెచ్చుకోండి. పైరంగు వెయ్యక ముందే చూసేరు మీరు" అన్నారు. వీర్రాజు గారు చాలాసేపు ఆ ఎర్ర మరక మీద వేలు పెట్టి నిలబడ్డారు. ఆయన కళ్లు తడిశాయి. చివరికి బయటంతా పసుపు, తలుపుల లోపలి వైపు ఎరుపు వేయించుకున్నారు.

సీటు పని కూడా విప్పి చూడటంతోనే మొదలైంది. అడుగున చెక్క, దాని మీద స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, ఆపైన కొబ్బరి పీచు, పీచు మీద దూది, అన్నిటి పైనా రెక్సిన్. లోపల ఒక జడపిన్ను, చింతగింజలు, చెల్లని పైసలు దొరికాయి. జడపిన్ను ఎవరిదంటారండీ అని మేస్త్రి గారు అమాయకంగా అడిగితే వీర్రాజు గారు దగ్గేశారు. స్ప్రింగులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి మళ్లీ కట్టాం. పీచు మాత్రం కొత్తది కావాలి. మామూలుగా తెచ్చే చోట ఆ వారం సరుకు లేదు. నేనే కనుక్కుని ఓడలరేవు వైపు నుంచి ఒక బస్తా తెప్పించాను. బస్తా విప్పితే ఎంత ముచ్చటగా ఉందో! బంగారు రంగులో సన్నగా మెత్తగా ఉంది. మామూలుగా షెడ్డుకొచ్చే నల్లటి ముతక పీచుతో పోలిస్తే పట్టులా అనిపించింది. గుడ్డ చూసి మురిసిపోయే అలవాటు ఉన్నదాన్ని కదా, పీచుని చూసి కూడా మురిసిపోయాను.

సీటు బాగా కుదిరింది. వీర్రాజు గారు ఎక్కి కూర్చుని, అటూ ఇటూ కదిలి, ఏమీ అనకుండా దిగారు. ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టేనని మేస్త్రి గారు చెప్పారు. ఆ వేసవిలో నాకు మరో మూడు సీట్లు వచ్చాయి, వాటికి మాత్రం మామూలు పీచే దొరికింది.

వానాకాలం దాటాక ఒక పొద్దున వీర్రాజు గారు బండి బయట ఆపి షెడ్డులోకి ఊడిపడ్డారు. చేతిలో ఒక తెల్ల పంచె ఉంది. దాని వెనక వైపు జానెడు మేర తుప్పు మరక. అంతకు ముందు రోజు పెళ్లికి తన ముక్కు లారీ తోలుకుంటూ దర్జాగా వెళ్లి దిగారట. వెనకనుంచి చూసిన పిల్లలంతా పకపకా నవ్వారట. "పాత ఇనప సామాన్లోంచి తుప్పు స్ప్రింగులు తెచ్చి పెట్టేవు మేస్త్రీ! నా పరువు తీసేవు!" అని అరిచారు. స్టాండులో డ్రైవర్లు కూడా వచ్చి నిలబడ్డారు.

మేస్త్రి గారు పంచె తీసుకుని వెలుగులో పట్టుకుని చూశారు. "సీటు దింపించండి, ఇక్కడే విప్పుదాం" అన్నారు. అందరి ముందూ ఎందుకండీ, లోపలికి తీసుకెళ్దాం అని నేను గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. రెక్సిన్ లాగితే మేకులు తలలు విరిగి ఊడొచ్చాయి. గోనె ఎర్రబారి చేతిలో పొడైపోయింది. పీచు తడితడిగా ఉంది. మేస్త్రి గారు ఒక స్ప్రింగు ఊడదీసి తిప్పి చూశారు. ఆయన మొహంలో భయమూ లేదు, కోపమూ లేదు. పండగ నాటి మొహంలా ఉంది.

"చూడండి, పైసగమంతా తుప్పు. కిందసగం నిగనిగలాడతంది. స్ప్రింగు పాతదైతే మొత్తం తుప్పు పట్టాలి కదండీ. ఎందుకంటారు?"

ఆయన తడి పీచు కాస్త తుంచి నాలుక మీద పెట్టుకున్నారు. ఇంకో పోగు తుంచి నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకోగానే తెలిసిపోయింది, ఉప్పు. పీచు తీయడానికి కొబ్బరి డొక్కలని నీళ్లలో నానబెడతారు, ఈ పీచు తీసిన డొక్కలు సముద్రపు పాయలో నానేసినవి. ఉప్పు గాలిలో తేమని లాక్కుంది, ఆ తేమ ఇనుముని తినేసింది, తుప్పు నీరు రెక్సిన్ కుట్లలోంచి పైకి ఊరింది. ఆ బంగారు రంగూ ఉప్పునీళ్లదే. మేస్త్రి గారు నన్నేమీ అడగలేదు. తప్పు స్ప్రింగుల మీదికి నెట్టేసి ఊరుకుంటే, మేస్త్రి గారు తప్ప అక్కడ కాదనేవాడు లేడు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చిన మాట నిజం.

"స్ప్రింగుల తప్పు కాదండి," అన్నాను వీర్రాజు గారితో. "పీచు నేను తెప్పించేను. ఓడలరేవుది. ఉప్పునీళ్లలో నానిందని చూసుకోలేదండి."

"కోనసీమలో పుట్టేవు, కొబ్బరి పీచు తెలీదా అమ్మా?" అన్నారాయన. డ్రైవర్లు నవ్వారు. నేను తలొంచుకున్నాను.

"ఆయ్, తప్పు షెడ్డుదండి. మళ్లీ కుట్టి ఇత్తాం," అన్నారు మేస్త్రి గారు.

"ఎవరు కుడతారు?"

"ఆవిడేనండి. పీచు సంగతి ఈ షెడ్డులో అందరికన్నా బాగా ఇప్పుడు ఆవిడకే తెలుసు."

ఆ సీటు మళ్లీ కుట్టాను. ఈసారి మంచినీళ్ల కాలవలో నానిన పీచే తెప్పించి, అయినా మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, ప్రతిసారీ నాలుక మీద పెట్టుకుని చూశాను. వీర్రాజు గారు తను కూడా చూస్తానని పట్టుబట్టి, ఒక పోగు నమిలి, "చప్పగానే ఏడిసింది" అన్నారు. తరవాత చాలా ఏళ్లు ఆయన ఆ సీటులోనే తెల్ల పంచెతో తిరిగారు. నా దగ్గరికి పనీ వచ్చింది, కొన్నాళ్లకి సొంత కొట్టూ వచ్చింది. అయినా "కోనసీమలో పుట్టేవు" అన్న ఆ మాట మాత్రం పీచు పట్టుకున్న ప్రతిసారీ చురుక్కుమనేది.

రెండు వేల ఐదు వచ్చేసరికి మేస్త్రి గారి షెడ్డు మూతపడింది. కంపెనీలే క్యాబిన్ బిగించి పంపుతుంటే ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఒక మధ్యాహ్నం నా కొట్టుకి వచ్చారు. కుడిచెయ్యి వణుకుతోంది. టీ ఇచ్చాను. ఫోమ్ ముక్క చేత్తో నొక్కి, ఇది మళ్లీ ఎలా పైకి లేస్తుందండీ అని అడిగి, నేను చెప్పింది శ్రద్ధగా విన్నారు. తర్వాత ఆ ముక్క పక్కన పెట్టారు.

"మణమ్మగారూ, వీర్రాజు గారి సీటు గుర్తుందాండి?"

"మర్చిపోతానా బాబాయి గారూ. ఆయన పంచె కూడా గుర్తుంది."

ఆయన నవ్వలేదు. "ఆ బస్తా విప్పినప్పుడు నేనక్కడే ఉన్నానండి. పీచు ఇంత బంగారంలా ఉందేటా అనుకున్నాను. అడుగుదామనుకున్నాను కూడా. ఇంతలో తలుపు బిగించాలని ఎవరో పిలిచేరు, వెళ్లిపోయేను. ఊరందర్నీ ఎందుకు ఎందుకు అని తినేసేవాణ్ణి, అడగాల్సిన నాడు అడగలేదండి. ఆరోజు వీర్రాజు గారి ముందు షెడ్డు తప్పన్నాను గానీ, నా తప్పనలేదు. మీరొక్కరే తలొంచుకున్నారు."

నాకు ముందు కోపమే వచ్చింది. అన్నేళ్లు ఆ మాటని ఒక్కదాన్నే మోశాను మరి. "అప్పుడే చెప్పొచ్చు కదండీ," అన్నాను, గొంతు గట్టిగానే.

"ఆయ్. చెప్పొచ్చు," అన్నారు. అంతే. సాకు చెప్పలేదు. వణికే చేత్తో టీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టారు. ఆ చెయ్యి చూశాక నా కోపం నిలవలేదు. ఈ మాట చెప్పడానికే ఎండలో అంత దూరం నడిచొచ్చారని అప్పుడు అర్థమై, ఏడుపొచ్చింది.

ఆయన మరుసటేడు పోయారు. ఆ తప్పులో సగం ఆయన అడిగి తీసుకున్నారు, నేనూ ఇచ్చేశాను. మిగిలిన సగం ఇంకా నా దగ్గరే ఉంది. నేను కుట్టిన సీటు పాడై తిరిగొస్తే, తెచ్చినవాళ్ల కళ్లెదురుగానే బ్లేడు పెట్టి విప్పుతాను. లోపల నా తప్పే బయటపడొచ్చని తెలిసినా చెయ్యి వెనక్కి పోదు. అది ఆ సగం పుణ్యమే. దాన్ని మాత్రం ఎవరడిగినా ఇవ్వను.