కొమురమ్మ చూపు

మొఘల్‌పురాలో పాలు పోసే కొమురమ్మ, చూపానక గిన్నె పట్టుకున్న ముసలివాళ్ల చేయి తడబడితే చాలు, వాళ్ల పేరు సేవా క్లబ్బులో చెప్పి వచ్చేది. క్లబ్బు వాళ్లు ఏటా బడిలో పెట్టే కంటి శిబిరానికి సగం మందిని ఆమే చేయి పట్టి నడిపించుకొచ్చేది. ఆ ఏడు మాత్రం ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు పోతుందని ఎవరో పుకారు లేపారు. ఆమె వెంట వచ్చిన వాళ్లంతా గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"నీకేంది, నీ కండ్లు మంచిగున్నయ్. పోతే మాయి పోతయ్," అంది వాళ్లలో ముందున్న జులేఖాబీ.

కొమురమ్మ లోపలికెళ్లి డాక్టరు ముందు కూర్చుంది. "ముందుగాల నాకు చెయ్యిన్రి సారూ."

ఆమె కళ్లలోనూ పొరలున్నాయని, ఆపరేషన్ చేయించుకుని పడుకుంటే బర్రెలను చూసేవాళ్లు లేరని రెండేళ్లుగా దాచుకుందని అప్పుడు అందరికీ తెలిసింది. ఆమె వెనకే జులేఖాబీ, ఆ వెనక మిగతావాళ్లూ గడప దాటారు.

వారం తర్వాత కట్టు విప్పి దళసరి అద్దాలు పెట్టగానే కొమురమ్మ పక్క మంచం వైపు తిరిగింది.

"ఓ జులేఖాబీ, నీ దుపట్టా మీద పూలున్నయే! గిన్ని దినాలు ఉత్త తెల్లదే అనుకున్న."