వెండి, రాగి, మా అత్తమ్మ

మొన్న ఎండలో తిరిగొచ్చి, ఫ్రిజ్‌లో పైనున్న ఫ్రీజర్ అరలో మరచిపోయిన నీళ్ల సీసా బయటికి తీశాను. లోపల నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బల్లమీద కాస్త గట్టిగా పెట్టేసరికి పైనుంచి కిందిదాకా తెల్లగా గడ్డకట్టేశాయి. మావారు ఉలిక్కిపడ్డారు. నాకు నవ్వొచ్చింది. గడ్డకట్టాల్సిన చలి దాటినా ద్రవంగానే ఉండిపోయే ఈ మొండితనంతోనే కదా నా పరిశోధన రోజులన్నీ గడిచాయి.

అప్పుడు మేం కొత్తవాడలో ఉండేవాళ్లం. అత్తగారింట్లో మగ్గాలమీద జంపఖానాలు నేసేవారు. నేను పొద్దున్నే బస్సెక్కి కాలేజీ ల్యాబుకు పోయి వెండినీ రాగినీ కలిపి కరిగించేదాన్ని. ఒక ప్రత్యేకమైన పాళ్లలో కలిస్తే ఆ రెండూ విడిగా ఉన్నప్పటికన్నా తక్కువ వేడికే కరుగుతాయి, చల్లారేటప్పుడు జంటగా గడ్డకడతాయి. దాన్ని యూటెక్టిక్ మిశ్రమం అంటారు. మామూలుగా చల్లారిస్తే మైక్రోస్కోపు కింద తెల్లటి వెండి చార, పక్కనే ఆమ్లం తగిలి నల్లబడ్డ రాగి చార, ఎంతో పొందికగా కనిపిస్తాయి. గడ్డకట్టే వేడికి బాగా దిగువదాకా ద్రవంగానే ఉంచగలిగితే ఆ చారలు ఏమవుతాయన్నది నా ప్రశ్న. అత్తమ్మ మాత్రం చుట్టాలతో "మా కోడలు వెండి కరగవెడతాంది" అని గర్వంగా చెప్పుకునేది. అది విని ఒక పెద్దమ్మ తన పాత పట్టీలు మెరుగు పెట్టమని తెచ్చి నా ఒళ్లో పోసింది. చింతపండుతో తోమి ఇచ్చాను. నా చదువుకు దక్కిన మొదటి మెప్పు అదే.

ల్యాబులో ఆ మెప్పు కూడా లేదు. కరిగిన బొట్టు ప్రతిసారీ గడ్డకట్టే వేడికి రాగానే గడ్డకట్టేసేది. కరిగించే మూస గోడో, కంటికి ఆనని మలినమో దానికి ఆసరా అయ్యేది. చివరికి మా గైడు మేడం, "ఈ సెమిస్టర్ గూడ ఇట్లనే అయితే టాపిక్ మార్చుకుందామమ్మా" అన్నారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. సంగతి విని అత్తమ్మ, "ఫికర్ జెయ్యకు బిడ్డా. రేపు నేనొస్త, గా పొయ్యేందో జర చూపియ్యి" అంది.

మర్నాడు గారెల డబ్బాతో నిజంగానే వచ్చింది. నేను బొట్టును కరిగిన గాజులో ముంచి, చల్లార్చి, మళ్లీ కరిగిస్తూ పోయాను. మలినాలను గాజు తనలోకి లాగేసుకుంటుందని ఆశ. మధ్యాహ్నానికి వేడి చూపే మీటరులో అంకె గడ్డకట్టే గుర్తు దగ్గర ఆగకుండా కిందికి జారింది. బొట్టు ఎరుపు మసకబారింది.

"ఆరిపోతాంది గద బిడ్డా."

"ఆరనీ అత్తమ్మా."

అంతలో బొట్టు భగ్గున వెలిగింది. ద్రవం ఒక్కసారిగా గడ్డకడుతూ దాచుకున్న వేడినంతా బయట పెట్టింది. "మల్ల మండిందేంది?" అంటున్న అత్తమ్మను గట్టిగా వాటేసుకున్నాను. పక్క గదిలోంచి మేడం పరుగున వచ్చారు.

దాన్ని కోసి, నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అంచున కాసిని చారలు తప్ప, మధ్యంతా చెదిరిన గింజలే. నమూనా పాడైందనుకున్నాను. మేడం చాలాసేపు చూసి తలెత్తారు. "పాడు కాలేదమ్మా. మొదట పుట్టిన సన్న చారలు వాటి వేడికి అవే సగం కరిగి తెగిపోయినయ్. మనం ఎదురుచూసింది దీనికోసమే." అత్తమ్మ కూడా ఒక కన్ను మూసి తొంగిచూసింది. "అంత చిక్కువడ్డది గద, దీనికి మీరింత సంబురపడతాండ్రేంది?" మేడం కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, నిలబడే గారెలు తిన్నారు.

టాపిక్ నిలిచింది, డిగ్రీ వచ్చింది. ఏళ్ల తరబడి రాసుకున్న అంకెల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. రెప్పపాటు కూడా నిలవని ఆ వెలుగు మాత్రం, దాని ఎరుపు పడిన అత్తమ్మ ముఖంతో సహా అలాగే ఉంది. కాలం మనకు దేన్ని మిగల్చాలో తేల్చుకునేది అది ఎంతసేపు జరిగిందని చూసి కాదు, అప్పుడు మన పక్కన ఎవరున్నారని చూసి కాబోలు.