టవాలు కింద ఇంటర్నెట్ వేలం

మా మామ ఇంటర్నెట్ సెంటర్లోకి పోయేముందు చెప్పులు బయట విడిచినాడు. భక్తితో కాదు. "కొనేవాడు వస్తాండాడని అమ్మేవానికి ముందే తెలియగూడదు రా" అన్నాడు. అమ్మేవాడు యాడో ఢిల్లీలో ఉన్నాడని చెప్పినా వినలేదు. ఆ మాటకొస్తే ఆయన చెప్పుల కిర్రు ఢిల్లీకి వినపడేదే.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ముప్పై ఏండ్లు పశువుల సంతల్లో దళారి. అర్ధమైలు దూరం నుంచి ఎద్దు తోక ఊపే తీరు చూసి, దాని వయసు, అది తిన్న మేత, పొద్దున దాని యజమాని పెండ్లాంతో కొట్లాడినాడా లేదా కూడా చెప్పేవాడు. కరువుకు జనం ఎద్దుల్ని అమ్ముకున్నాక, మిగిలినోళ్లు ట్రాక్టర్లకు మారినాక, అంత తెలివికీ పని లేకుండా పోయింది.

పని నేను కల్పించినాను. పామిడిలో నాదొక ఫోటో స్టూడియో. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నిలువెత్తు ఫోటో కావాలంటే నేను కెమెరాతో సహా రోడ్డు మీదికి పోయి నిలబడాల. "కదలొద్దు" అని నేను అరిస్తే లోపలి మనిషితో పాటు గుంతకల్లు బస్సు కూడా ఆగేది. రెండువేల ఆరో ఏడో, సరిగా గుర్తు లేదు. వాన ఎంత తక్కువంటే, ఆ ఏడు పెన్నలో పుట్టిన కప్పలకు ఈత రాదు.

ఆ శ్రావణానికి ఒక పెళ్లి ఒప్పుకున్నాను. పెళ్లికూతురి నాయన శెనక్కాయల వ్యాపారి. ఒకరోజు వచ్చి, నా పాత రీలు కెమెరాను చచ్చిన ఎలుకను చూసినట్లు చూసినాడు.

"ఏమప్పా, తీసిన ఫోటో అప్పటికప్పుడే కెమెరా ఈపు మీద కనపడాలంట గదా. మా పాప చెప్పింది. అట్లాంటిది ఉంటే రా. లేకుంటే ఎదురు స్టూడియో ఆయన్ని పిలుస్తా."

ఆయన బంధువులు ఐదూళ్ల నిండా ఉన్నారు. ఈ పెళ్లి పోతే ఐదూళ్ల పెళ్లిళ్లూ పోతాయి. రీళ్లు కడిగించుకునేవాళ్లు అప్పటికే వారానికి ఒకరో ఇద్దరో. ఇంక షట్టరు దించి తాళంచెవి పెన్నలో పారేయడమే, అది కూడా మునగదు. కొత్త డిజిటల్ కెమెరా ధర అడిగి, విన్నది తప్పేమోనని రెండో చెవితో మళ్లీ విన్నాను. తప్పు కాదు.

అప్పుడు ఇంటర్నెట్ వేలంలో కనపడింది ఆ ఢిల్లీ కెమెరా. సీలు కూడా తీయనిది, సగం ధరకు. నేను ఎగిరిన ఎగురుకు సెంటర్లో ఫ్యాను రెక్క వంగింది. చేసిన తప్పల్లా ఒకటే: ఆ సంతోషం మామకు చెప్పినాను.

"వాన్ని అడుగు, దాని తప్పేందని" అన్నాడు మామ కంప్యూటర్ ముందు కుర్చీలో గొంతుక్కూర్చొని.

అడిగినాను. గంటలో జవాబు.

"ఏ తప్పూ లేదంటాండాడు మామా."

"తప్పు లేని ఎద్దా? దేవునికి వాహనంగా పెట్టుకోమను. సరే, నోరు తెరిపించి పళ్లు చూపించమను."

కెమెరాకు పళ్లు యాడివి? మూతలు తీసి, ఈ పొద్దు పేపరు పక్కన పెట్టి, నాలుగు దిక్కులా ఫోటోలు పంపమని రాసినాను. ఫోటోలు రాలేదు. 'ఇంకా చానామంది అడుగుతున్నారు, వేలంతో పని లేదు, దుడ్లు నేరుగా నాకు పంపు, ఇంకా తగ్గిస్తా' అని వచ్చింది.

మామ లేచి నిలబడినాడు. "పద. సంత దాటి చింతచెట్ల కింద బేరం పెట్టేవాడు దొంగెద్దును అమ్ముతాడు. ఆడ రసీదు ఉండదు, అడిగే దిక్కుండదు. తొందరపెట్టేవాని ఎద్దుకు కుంటి."

"పెళ్లికి పద్దెనిమిది దినాలే ఉండాది మామా!"

"అది వానికి యాల చెప్పినావు? మన అవసరం మన మొగంలో కనపడితే ధర ఆడనే పెరుగుతాది."

వారం దినాలు వెతికితే మైసూరు దిక్కు ఒకాయన కెమెరా దొరికింది. ఆయన రాసింది చదివితే అమ్ముతాండాడో, పెళ్లిసంబంధం చెడగొడతాండాడో అర్థం కాలేదు. ఫ్లాష్ దానంతటది లేయదు, గోటితో లేపాల. పట్టుకునే చోట రబ్బరు ఊడింది. మూలన గీత, స్కూటర్ మీద నుంచి పడినప్పటిది. ఇన్ని వేల ఫోటోలు తీసింది. ఒక్కో తప్పుకూ ఒక్కో ఫోటో. అంతకుముందు ఆయన దగ్గర కొన్నవాళ్లు ఆయన గురించి రాసిన మాటలన్నీ మామ నాతో రెండుసార్లు చదివించినాడు. "దీన్ని కొందాం" అన్నాడు.

ధర ఇంట్లోనే ఖాయం చేసినాడు. "సంతలో కాలుపెట్టినాక ధర అనుకునేవాడు ఎద్దును కొనడు. ఎద్దే వాన్ని కొంటాది."

వేలం ముగిసే పూట సెంటర్లో మామ తన టవాలు తీసి నా కుడిచెయ్యి మీద, మౌసు మీద కప్పినాడు. సంతలో దళారీలు ధర నోటితో చెప్పరు. టవాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టి చెప్పుకుంటారు.

"మామా, ఈ వేలంలో ధర దేశమంతా కనపడుతుంది. దాచేదేముంది?"

"దేశం సంగతి వదులు. పక్క కుర్చీలో వాడు తొంగిచూస్తాండాడు."

పక్క కుర్చీలో ఆయన హాల్ టికెట్ తీసుకుంటున్నాడు పాపం. మా టవాలు చూసి కుర్చీ జరుపుకున్నాడు.

ఎవరో మాతో పోటీకి వచ్చినాడు. వాడు పెంచె, నేను పెంచె. అనుకున్న ధర వచ్చేసింది. వాడు ఇంకొంచెం పెంచినాడు. రెండు నిమిషాలుంది. ఇంకొక్క నొక్కు నొక్కితే కెమెరా నాది. నొక్కుదామంటే వేలు కదలదు! టవాలు కింద నా నాలుగు వేళ్లూ మామ పిడికిట్లో ఉన్నాయి. పొగరుమోతు కోడెల ముక్కుతాళ్లు పట్టిన పిడికిలి అది. క్రేను తెచ్చినా ఊడదు.

"విడువు మామా! పోతాంది!"

"పోనీ. పోయేది కెమెరా. ఇంకొక్క నొక్కంటే ఇల్లు పోతాది."

పోయింది. రెండు దినాలు మామతో మాట్లాడలేదు. అంటే, పొద్దున కాఫీకీ, మధ్యాహ్నం సంగటికీ, రాత్రి మజ్జిగకూ తప్ప.

మూడో దినం మైసూరు ఆయన నుంచి సందేశం. గెలిచిన మనిషి పలకడం లేదు, మీరు పెట్టిన ధరకే మీరు తీసుకుంటారా అని. నేను మళ్లీ ఎగిరినాను. మామ ఎగరలేదు.

"ఈ మాట సంత లోపల్నుంచి వచ్చిందా, బయట్నుంచా?"

చూపించినాను. వేలం పేజీలోనే, మా ఖాతాలోనే ఉంది. వస్తువు మా చేతికి అందినాకే ఆయనకు దుడ్లు పోయే ఏర్పాటు కూడా అట్లే ఉంది. కిందికి జరిపితే ఇంకో నాలుగు వరుసలు. 'మొదట రాయడం మరిచినాను. ఫోటోలు దాచుకునే కార్డు పెట్టే చోట మూత వదులైంది. అది తెరుచుకుంటే కెమెరా ఆగిపోతుంది. కాబట్టి ధర కొంత తగ్గిస్తాను. వద్దంటే వద్దనండి, ఏమీ అనుకోను.'

మామ పెద్దోళ్ల ముందర నిలబడినట్లు చేతులు కట్టుకున్నాడు. దళారి చేతులు కట్టుకోగా చూడటం నాకదే మొదలు.

"బేరం కుదిరే పూట తప్పు చెప్పినోళ్లను ముప్పై ఏండ్లలో ఒకరినే చూసినా. కుందుర్పి ముసలామె. ఆవును నాకమ్మి, పగ్గం చేతికిచ్చి, మళ్లా రెండు మైళ్లు పరిగెత్తుకొచ్చి, 'అప్పా, ఇది మబ్బు పట్టిన పూట పాలియ్యదు' అన్నాది. కుందుర్పిలో మబ్బు యాడిది రా? అయినా చెప్పింది. ఆమె తర్వాత ఈయనే. తీసుకో."

పెళ్లికి రెండు దినాల ముందు కెమెరా వచ్చింది. కొరియర్ ఆఫీసులో, సంతకం పెట్టిన మనిషి ఎదురుగానే మామ డబ్బా విప్పించినాడు. గీత చెప్పిన మూలనే ఉంది. గోటితో లేపితే ఫ్లాష్ లేచింది. మూతకు నేనొక రబ్బరు బ్యాండు వేసినాను.

పెళ్లిలో నలుగు నుంచి జీలకర్ర బెల్లం దాకా కెమెరా పందెం కోడెలాగ పరిగెత్తింది. సరిగ్గా తలంబ్రాలకు రబ్బరు బ్యాండు తెగింది, మూత తెరుచుకుంది, కెమెరా కళ్లు మూసింది. పెళ్లికూతురి నాయన పంచె ఎగగట్టి నా దగ్గరికొచ్చినాడు.

"ఏమైందప్పా? కొత్తది గదా?"

బ్యాటరీ అయిపోయిందని చెప్పొచ్చు. నోట్లో ఆ మాట వచ్చి కూర్చుంది కూడా. పక్కన నా ఫోటోల లైటు పట్టుకొని మామ నిలబడినాడు, ఎద్దు పళ్లు చూసే కళ్లతో నన్నే చూస్తూ.

"పాతదన్నా. మూత వదులు. ఫ్లాష్ గోటితో లేపాల. కొనేటప్పుడే తెలుసు. మూత ఎవరన్నా అదిమి పట్టుకుంటే ఫోటోలు మాత్రం బాగ వస్తాయి."

మూత అదిమి చూపిస్తే, ఆయన కెమెరా ఈపు మీది తెరలో అంతవరకూ తీసినవి చూసినాడు. కూతురు నవ్వుతున్న ఒక ఫోటో దగ్గర ఆగినాడు. నా వైపు చూసినాడు. ఎదురు స్టూడియో ఆయన వస్తున్నాడేమోనని నేను పందిరి వాకిలి వైపు చూసినాను.

"యాడ పట్టుకోవాల?" అన్నాడు.

ఆ తలంబ్రాల ఫోటోలు ఐదూళ్లలోనూ మెచ్చుకున్నారు. ఒకటే లోటు. వాటిలో పెళ్లికూతురి నాయన ఎక్కడా కనపడడు. ఆయన నా భుజం పక్కన, బొటనవేలు మూత మీద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.