మీటరాయన తట్టిన ముందు తలుపు

ఊళ్ళో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ముప్పై రెండేళ్ళు నీళ్ళ ఆఫీసులో ఇంటింటి మీటర్లు చూసే ఉద్యోగం చేశాడు కాబట్టి మీటరాయన. పెళ్ళాం తమ్ముడు కూడా కోపమొస్తే "బావా" మానేసి "మీటరాయనా" అనే పిలుస్తాడు.

ఆ ఊళ్ళో నీళ్ళ మీటర్లన్నీ ఇళ్ళ వెనకే ఉంటాయి. వెనక సందులోంచి వెళ్ళాలి, "మీటరూ!" అని కేకెయ్యాలి, పెరటి గేటు తియ్యాలి, వంగి మూత ఎత్తి అంకె రాసుకోవాలి, బయటపడాలి. ఇంటికి రెండు నిమిషాలు. అలా నాలుగు వందల ఇళ్ళు. ఎవరి కుళాయి కారుతోందో, ఎవరింట్లో చుట్టాలు దిగారో, ఎవరు పూలమొక్కల మీద ప్రేమకొద్దీ నీళ్ళు కుమ్మరిస్తున్నారో ఆ ఇంటివాళ్ళకంటే ముందు అతనికి తెలిసేది. కానీ ఆ ఇళ్ళ ముందు వైపు ఏ రంగు వేశారో అడిగితే నోరెళ్ళబెడతాడు. ఆఖరికి సొంత ఇంట్లోకి కూడా పెరట్లోంచే వెళ్తాడు. ముందు తలుపు గడియ బిగుసుకుపోయి ఎన్నేళ్ళయిందో.

ఇంకో సంగతి. ఇన్నేళ్ళలో ఏ ఇంట్లోనూ అతన్ని ఎవరూ "కూర్చోండి" అనలేదు. వాళ్ళ తప్పేం కాదు. రెండు నిమిషాల పని మీద వచ్చిన మనిషిని ఎవరు కూర్చోమంటారు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అతనికా ఆలోచనే రాలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్నాకే వచ్చింది.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒకరోజు లైబ్రరీకి పేపరు చదవడానికి వెళ్తే గోడ మీద చేత్తో రాసిన కాగితం కనబడింది. "మీ ఇంటి తలుపు కొత్తవాళ్ళకి తెరవగలరా?" అని ఉంది పైన. లైబ్రేరియన్ గారు, మరో పదిమంది కలిసి అతిథి బృందం అని ఒకటి పెట్టారు. హడావుడి లేకుండా, చెత్త మిగల్చకుండా, నడిచో సైకిలు తొక్కో ఊరు చూడాలనుకునేవాళ్ళకి ఊరివాళ్ళే ఇంట్లో ఒక గది ఇస్తారు, ఒక పూట దగ్గరుండి ఊరు చూపిస్తారు. అంతా స్వచ్ఛందంగానే. మీటరాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తలుపు తెరవడం. ఇన్నాళ్ళూ ఊరంతా తనకి తెరిచింది. తను ఎవరికీ తెరవలేదు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ ఇంట్లోనే బట్టలు సరిచేసి కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి అడిగింది.

"మీరు? అతిథులకి మర్యాదలు? నా పుట్టింటివాళ్ళొస్తే పెరట్లోకెళ్ళి దాక్కుంటారే!"

"వాళ్ళు అతిథులు కాదు. నీ తమ్ముడు పదకొండేళ్ళుండి వెళ్ళాడు. వాణ్ణి అతిథి అంటారా?"

ఆ తమ్ముడికి సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. నిరుడు పెళ్ళయి రెండు వీధుల అవతలికి మారాడు. ఇక్కడ అతనున్న మేడ మీది గదిలో ఇప్పటికీ గ్రీజు వాసన పోలేదు. ఖాళీగా ఉన్నది ఆ గదే.

"ఆ వాసనలో ఎవరుంటారండీ?" అంది గానీ, సాయంత్రానికి ఆవిడే కిటికీ కొలత తీసుకుంది, కొత్త తెర కుట్టడానికి.

బృందంలో చేరడానికి ఒక పద్ధతుంది. ముందు ఒకరిని అతిథిగా పంపిస్తారు. అన్నీ సవ్యంగా జరిగితేనే కార్డిస్తారు, లైబ్రరీ బోర్డు మీద పేరెక్కుతుంది. లేదంటే లేదు. బావమరిదికి ఈ సంగతి తెలిసి, "అరవై దాటాక పరీక్షేంటి బావా? తప్పితే సప్లిమెంటరీ ఉంటుందా?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రెండు సైకిళ్ళకి కొత్త బ్రేకులు బిగించి తెచ్చాడు. మీటరాయన నవ్వలేదు. ఆ బోర్డు మీద తన పేరుండాలని అతనికి ఎంతుందో అతనికే తెలుసు.

వచ్చింది ఇంకో ఊరి లెక్కల టీచరు. భుజానికి ఒక్క సంచీ, చేతిలో స్టీలు సీసా. మీటరాయన ఆవిణ్ణి గదిలోకి కాదు, నేరుగా పెరట్లోకి తీసుకెళ్ళి మీటరు మూత ఎత్తాడు.

"ఈ అంకె గుర్తుపెట్టుకోండి టీచరుగారూ. వెళ్ళేటప్పుడు మళ్ళీ చూద్దాం, మీరెన్ని నీళ్ళు వాడారో."

భార్య నెత్తి కొట్టుకుంది. "వచ్చినావిడకి ఒక గ్లాసు మంచినీళ్ళన్నా ఇవ్వకుండా ఇదేంటండీ!"

టీచరు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంకెని పుస్తకంలో రాసుకుంది. "ఇంత మంచి స్వాగతం నాకెక్కడా దొరకలేదు," అంది. ఆ మాటకి మీటరాయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

మర్నాడు పొద్దున ఊరు చూపించడానికి బయల్దేరాడు. ఏం చూపించాలో రాత్రే అనుకున్నాడు. గడియారం స్తంభం, పాత వంతెన, బజారు. కానీ అతని కాళ్ళు అతని మాట వినలేదు. వీధి మలుపులో వాటంతటవే వెనక సందులోకి తిరిగాయి. టీచరు కూడా అటే ఆసక్తిగా చూసింది. ఇంకేం, "మీటరూ!" అని కేకేసి మొదటి గేటు తీశాడు.

ఆ ఇంటాయన గడ్డం గీసుకుంటూ సబ్బు మొహంతో తిరిగి, "మీరు రిటైరైపోయారు కదండీ? మళ్ళీ తీసుకున్నారా?" అని నవ్వాడు. రెండో ఇంట్లో తోట గొట్టం పట్టుకున్న ముసలాయన దాన్ని గబుక్కున వెనక్కి దాచాడు. టీచరు నవ్వాపుకోలేకపోయింది. మీటరాయనకి హుషారెక్కింది. మూడోది ఆకుపచ్చ గేటు. దాని గడియ లోపలుంటుంది. పైనుంచి చెయ్యి దూర్చి వేలితో పైకి తోస్తే వస్తుంది. ఆ కిటుకు ఆ ఇంటివాళ్ళకీ అతనికీ తప్ప మూడోవాళ్ళకి తెలీదు. అది చూపించాలన్న సరదాలో, కేక నోట్లోంచి రావడమూ గేటు తెరుచుకోవడమూ ఒక్కసారే జరిగాయి.

పెరట్లో ఎండలో ముక్కాలిపీట మీద ఒకావిడ కూర్చుని ఉంది. తల మీద ఒక్క వెంట్రుక లేదు. తలకి కట్టుకునే గుడ్డ తీగ మీద ఆరుతోంది. ఆవిడ అరవలేదు, లేవలేదు. రెండు అరచేతులూ తల మీద పెట్టుకుని కళ్ళు దించుకుంది.

మీటరాయన గేటు మూసేశాడు. ఆ ఇంట్లో ఏ కుళాయి ఏ ఏడాది మార్చారో తెలుసు. ఇది తెలీదు.

సందు చివర్లో టీచరు, "మనం అడగలేదండీ," అంది. "మీరు" అనలేదు. "మనం" అంది. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. "నేను బృందానికి ఏమీ రాయను, చెప్పాలనుకుంటే మీరే చెప్పండి," అంది టీచరు. అందుకని తనే లైబ్రరీకి నడిచాడు. లైబ్రేరియన్ గారు మొత్తం విని, సొరుగులోంచి, చేరతానన్నప్పుడు అతను సంతకం పెట్టిన నియమాల కాగితం తీసి ముందుపెట్టింది. మూడో వరుసలో ఉంది. "ఇక్కడివాళ్ళ ఇళ్ళూ బతుకులూ ప్రదర్శన కాదు. అడగనిదే గడప దాటకూడదు."

"ఇది చదివారా?"

"చదివానమ్మా. వచ్చేవాళ్ళ కోసం రాశారనుకున్నాను."

లైబ్రేరియన్ గారికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "కార్డు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి రండి."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాడు. బయల్దేరాక తెలిసింది, ఆ ఇంటికి ముందు వైపు నుంచి ఎలా వెళ్ళాలో తనకి తెలీదని. వెనకైతే మూడో గేటు. ముందు వీధేమో వంకర తిరిగింది, లెక్క కుదరడంలేదు. చేసేది లేక బావమరిది కొట్టుకెళ్ళి, ఆకుపచ్చ గేటు, చివరి పంపు, జామచెట్టు అని ఆనవాళ్ళన్నీ చెప్పాడు.

బావమరిది ట్యూబుకి గాలి కొట్టడం ఆపేశాడు. "ముప్పై రెండేళ్ళు ఊరంతా తిరిగి, ఇల్లెక్కడని నన్నడుగుతున్నావా బావా? అదిగో, ఎదురుగా. నీలం తలుపు. పుస్తకాల బైండింగ్ ఆవిడ ఇల్లు. ఇక్కడ కూర్చుని ఆ తలుపు చూస్తూ నాతో ఎన్ని వందలసార్లు కబుర్లు చెప్పావో!"

వీధి దాటి నీలం తలుపు ముందు నిలబడ్డాడు. ముందు గుమ్మం దగ్గర ఏమని పిలవాలి? గొంతు దాకా "మీటరూ" వచ్చింది. మింగేసి, వేళ్ళతో రెండుసార్లు తట్టాడు. తట్టి, రెండు మెట్లు దిగి కింద నిలబడ్డాడు.

తలుపు తీసింది ఆవిడే. తలకి గుడ్డ చుట్టుకుని ఉంది. చేతికి జిగురు.

"నిన్న వెనకనుంచి, ఇవాళ ముందునుంచి. రేపు పెంకులు తీసి దిగుతారా?"

"తప్పయిపోయిందమ్మా. మీకు ఒంట్లో బాగోలేదని నాకు తెలీదు."

"తెలియాల్సిన పనేముంది? నెత్తి నిండా జుట్టున్నా అది నా పెరడే కదా."

మీటరాయన తల దించుకున్నాడు. అది చూసి ఆవిడ గొంతు తగ్గించింది.

"నెల మొదటి వారంలో మీరొస్తారని మా అందరికీ తెలిసేది. సందు మొదట్లో మీ కేక వినబడగానే సర్దుకునేవాళ్ళం. అందుకే మీరొస్తే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. నిన్న పద్దెనిమిదో తారీఖు."

ముప్పై రెండేళ్ళూ ఆ తలుపులు తెరుచుకున్నది తనకి కాదని, తను వచ్చే తారీఖుకని అతనికి అప్పుడు అర్థమైంది. అదే ఆవిడతో అన్నాడు కూడా, కాస్త తడబడుతూ. ఆవిడ నవ్వింది.

"మందులివ్వడం అయిపోయింది లెండి. డాక్టరు వస్తుందన్నాడు, జుట్టు. ఎండలో పెడితే తొందరగా వస్తుందని నా పిచ్చి." తలుపు ఇంకాస్త తెరిచింది. "అక్కడే నిలబడ్డారేం? లోపలికొచ్చి కూర్చోండి."

మీటరాయన వెంటనే కదల్లేదు. తన వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని ఒకసారి తిరిగి చూశాడు.

ముందు గదంతా కాగితాలే. మూల ఇనప మర, దాని కింద అణిగి ఉన్న అట్టలు, గోడకి వేలాడే దారపు కండెలు. అతను కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టి. అయినా ఆ కుర్చీలో అతను సింహాసనం మీద కూర్చున్నంత జాగ్రత్తగా కూర్చున్నాడు. అప్పుడు అరలో ఉన్న పొడుగాటి పుస్తకం కంటబడింది. నల్ల గుడ్డ అట్ట, ఎర్ర మూలలు.

"ఇది మా మీటరు పుస్తకం!"

"ఇరవై ఏళ్ళుగా మీ ఆఫీసు పుస్తకాలు కట్టేది నేనే. అన్నిట్లోకీ ఒకటి మాత్రం ఎడమ అట్ట అరిగిపోయి వచ్చేది. ఎవడో చంకలో పెట్టుకుని చెమటతో నానబెడుతున్నాడని తిట్టుకునేదాన్ని. తిట్టుకుని, ఆ వైపు రెండు పొరల గుడ్డ వేసేదాన్ని."

మీటరాయన పుస్తకం ఎడమ అట్ట తడిమి చూశాడు. మందంగా ఉంది. ఎందుకో ఆ వైపు మెత్తగా ఉంటుందని అతనికెప్పుడూ తెలుసు. ఎవరో తనకోసం అలా చేశారని మాత్రం తెలీదు. "మరి ఆ ఎవడో నేనేనమ్మా," అన్నాడు.

"ఇప్పుడు తెలిసింది లెండి," అంది ఆవిడ. "ఆ టీచరుగారు ఉన్నారా, వెళ్ళిపోయారా?"

"సాయంత్రం బండికి."

"అయితే పదకొండింటికి తీసుకురండి. పుస్తకం కుట్టడం చూపిస్తాను. ముందునుంచి రండి."

"మరి పెరడు?"

"పెరడు లేదు."

పదకొండింటికి తలుపు బార్లా తీసే ఉంది. అయినా మీటరాయన తట్టాడు. టీచరు రెండు గంటలు కూర్చుని వంకర టింకరగా చిన్న పుస్తకం ఒకటి కుట్టుకుంది. "లెక్కల్లో ఇన్ని తప్పులు చేస్తే పిల్లల్ని ఏం చేస్తారు?" అని బైండింగ్ ఆవిడ ఆట పట్టించింది. ఇద్దరూ పాత స్నేహితుల్లా నవ్వుకుంటుంటే మీటరాయన పొట్టి కాలు కుర్చీలో కదలకుండా కూర్చుని విన్నాడు.

సాయంత్రం బండి ఎక్కేముందు మీటరు దగ్గర మళ్ళీ అందరూ వంగారు. టీచరు అంకె చదివి, మామూలు రోజుల వాడకం అడిగి తీసేసి, "రెండు రోజులకీ కలిపి పది బకెట్లు," అంది.

"మా వాడు ఒక్క స్నానానికి అన్ని పోసుకునేవాడు," అంది భార్య. సైకిళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చిన తమ్ముడు, "గ్రీజు వదలాలి కదే అక్కా!" అని పెద్దగా నవ్వాడు.

కార్డు వారం తర్వాత వచ్చింది. బోర్డు మీద లైబ్రేరియన్ గారు స్వయంగా రాసింది. "మీటరాయన. మేడ మీద గది, ముందు గుమ్మాల నడక." ఆ వారమంతా మీటరాయన చేసిన పని అదే. ఉద్యోగంలో తిరిగిన ఇళ్ళకే ముందు వైపు నుంచి వెళ్ళి తలుపు తట్టి, ఎప్పుడైనా అతిథుల్ని తీసుకురావచ్చా, ఏ రోజు, ఎన్ని గంటలకి అని అడిగాడు. కొందరు రమ్మన్నారు, కొందరు వద్దన్నారు. తోట గొట్టం ముసలాయన ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు. వద్దన్నవాళ్ళలో కూడా చాలామంది "కూర్చోండి" అన్నారు.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ వెనక సందుకి తిరగబోయి ఆగాడు. వీధిలోకొచ్చి తన ఇంటి ముందు తలుపు తట్టాడు. లోపల కుట్టుమిషను ఆగింది. గడియతో కాసేపు కుస్తీ, కీచుమని చప్పుడు, చివరికి తలుపు ఊడొచ్చినట్టు తెరుచుకుంది. భార్య నోట్లో గుండుసూదులతో నిలబడి ఉంది. అతన్ని చూసి ఒక్కొక్కటే తీసింది.

"ఇదేం చోద్యమండీ! ఆ గడియకి నూనె వెయ్యమని ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను."

"గురువారం ఇద్దరొస్తున్నారు," అన్నాడు మీటరాయన. "నూనె సీసా ఎక్కడుంది?"