కురచ పొట్టేలును అమ్మనివ్వని మా చిన్నాయన

నిన్న పొద్దున మబ్బు కమ్మింది కానీ చినుకు రాలలేదు. చేని దగ్గర కొట్టంలో విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తుంటే నాయన ఫోన్ చేశాడు.

"మీ చిన్నాయన పోయినాడప్పా. బయల్దేరి రా."

అంతే. పెట్టేశాడు.

మొన్న ఆదివారం కూడా నాతో మాట్లాడిన మనిషి. చాలాసేపు నమ్మలేకపోయాను.

చిన్నాయన పేరు వన్నూరప్ప. నాయన, ఆయన కలిసి గొర్రెల మంద పెట్టుకున్నారు.

మా ఊర్లో పందెంలో గెలిచిన పొట్టేలునే మందకు విత్తనపు పొట్టేలుగా వదిలేవాళ్లు. నాయన పొట్టేలు రెండుసార్లు గెలిచింది. చిన్నాయన మాత్రం ఒక కురచ పొట్టేలును మేపి, దాన్ని కూడా మందలో వదిలేవాడు.

ఒకసారి వరసగా రెండో ఏడు కూడా వాన పడలేదు. మేత ఒక్క పొట్టేలుకే చాలుతుంది. మంద పోతే అందరం బెంగళూరుకు కూలికి పోవాల్సిందే.

"ఆ కురచదాన్ని సంతకు తోలు. అది పొట్టేలా, మేకపిల్లా?" అన్నాడు నాయన.

"దాన్ని చూడొద్దన్నా. దాని కూతుర్లను చూడు. ఈ కరువులో కూడా ఈనినాయి. ఆ పిల్లలు కూడా పెరిగి ఈనినాయి. నీ పందెందాని పిల్లలు యాడుండాయో చూపించు."

"ఊర్లో నవ్వుతారు రా!"

"వాన పడే ఊర్లో నీదే గెలుస్తాదిలే అన్నా. మనది ఆ ఊరు కాదు."

మూడో రోజు చిన్నాయన ఎవరికీ చెప్పకుండా పందెం పొట్టేలును సంతలో అమ్మేసి వచ్చాడు.

నాయన ఏడాది దాకా ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడు నేను అనంతపురంలో డిగ్రీ, జువాలజీ. జీవపరిణామంలో ఫిట్‌నెస్ అంటే కండబలం కాదని, ఎన్ని పిల్లలు పుట్టాయి, వాటిలో ఎన్ని బతికి మళ్లీ కన్నాయి అన్నదే లెక్క అని లెక్చరర్ చెప్పారు. క్లాసులో చాలామందికి ఎక్కలేదు. నాకు మా దొడ్డిలో ముందే ఎక్కింది.

మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఊర్లో సగం మందలు అమ్ముడుపోయాయి. మాది నిలబడింది. మేం ఊరు వదల్లేదు.

నాయన ఆ పొట్టేలు మాట ఎప్పుడూ ఎత్తలేదు. చిన్నాయన కూడా అడగలేదు.

నిన్న సాయంత్రం మట్టి వేసేటప్పుడు నాయన పక్కనున్నాయనతో మెల్లగా అన్నాడు: "మంద నిలబెట్టింది వీడే. నేనైతే పోగొట్టేటోన్ని."

బతికున్నప్పుడు ఒక్కసారి అనుంటే బాగుండేది.

ఎండలో చాలా తిరిగావు చిన్నాయనా. ఇక నీడపట్టున నెమ్మదిగా ఉండు.

వన్నూరప్ప నిన్న ఉదయం ఆరున్నరకు వెళ్లిపోయాడు.